గాలి మార్పు, శ్వాస మార్పు

రవీంద్రనాథ టాగూరు 1918లో వెలువరించిన ‘పలాతక’ సంపుటిలో ‘ఫాంకీ’ అనే కథాకవిత ఉన్నది. ఇరవై మూడేళ్ళ బిను అనే ఇల్లాలు జబ్బుపడుతుంది. మందులు పని చేయకపోగా, వైద్యులు ఆమెకు గాలి మార్పు కావాలంటారు. అత్తవారింటి నాలుగు గోడలు దాటి, భర్త వెంట ఆమె ప్రయాణమవుతుంది. బిలాస్‌పూర్‌లో బండి మారాలి. ముసాఫిర్‌ఖానాలో ఆరు గంటల నిరీక్షణ. అక్కడ రుక్మిణి అనే కూలీ భార్య, కూతురి పెళ్ళికి డబ్బు లేదని బినుతో మొరపెట్టుకుంటుంది. ఆమెకు పాతిక రూపాయలు ఇమ్మని బిను భర్తను కోరుతుంది. అతడు రుక్మిణిని చాటుకు పిలిచి, కసిరి, రెండు రూపాయలు చేతిలో పెట్టి పంపివేస్తాడు. పాతికా ఇచ్చాడనే బిను నమ్ముతుంది. రెండు నెలలకు ఆమె కన్నుమూస్తుంది. భార్య దగ్గర దాచిన ఆ అబద్ధం మాత్రం భర్తను విడిచిపెట్టదు. ‘ఫాంకీ’ అంటే మోసం.

ఆ దినాలలో గాలి మార్పు అన్న మాట ఎందరికో చివరి ఆశ. బిలాస్‌పూర్‌లో దిగి కట్నీ వైపు బండి ఎక్కితే సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, మైకల్ కొండల అంచున, పెండ్రారోడ్ వస్తుంది. అక్కడ క్షయరోగులకు శానిటోరియం ఉండేది. చల్లని గాలి, అడవి నీడ, విశ్రాంతి, బలమైన ఆహారం: వైద్యుల చేతిలో అప్పటికి ఉన్నవి అవే. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొన్న తరువాత కథ మారిపోయింది. ఇరుకు ఇళ్ళలో ఉంటూ మందులు వాడిన పేదలు, శానిటోరియంలో ఉండి మందులు వాడిన వారితో సమానంగానే కోలుకున్నారని మద్రాసులో జరిగిన ఒక పరిశోధన 1959లో లోకానికి చాటింది. క్షయను నయం చేసింది గాలి కాదు, మందు.

అయితే గాలికీ మనిషికీ గల సంబంధం అంతటితో తీరిపోలేదు. గాలిని వెదుక్కుంటూ ఊరు మారడం ఒక పద్ధతి. ఉన్న ఊళ్ళోనే ఉండి, ఆ గాలిని లోపలికి తీసుకునే తీరు మార్చుకోవడం మరొక పద్ధతి. ఈ రెండవ దానినే మన పెద్దలు ప్రాణాయామం అన్నారు. అందులో మొదటి మెట్టు ఒక ముక్కుపుటతో పీల్చి, రెండవ పుటతో విడిచే నాడీశోధనం. ఊరు మారే వీలు లేనివారికి ఇది మరీ అందుబాటులో ఉన్న సాధన. బిలాస్‌పూర్ వంటి రైలు పట్టణంలో అలాంటివారు వేలమంది.

బొగ్గు బండ్ల ఊరు

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, 1891 నాటికి నాగపూర్ నుంచి అసన్‌సోల్ వరకు దారి వేసింది. ఆ దారి మీద పెరిగిన కూడలి బిలాస్‌పూర్. 1902లో తూర్పు తీరపు రైలుమార్గం ఉత్తర భాగం కూడా ఆ కంపెనీ కిందికి వచ్చింది. 1931లో విజయనగరం, రాయ్‌పూర్ పట్టణాల మధ్య దారి పూర్తయింది. ఈ దారుల వెంటే మన ఉత్తరాంధ్ర కుటుంబాలు ఫైర్‌మెన్‌గా, ఫిట్టర్లుగా, గుమాస్తాలుగా, గార్డులుగా ఛత్తీస్‌గఢ్ నేలకు చేరాయి. తాతలు ఉద్యోగానికి వచ్చిన ఊరే మనుమలకు సొంత ఊరయింది. వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ, ఇంటిలో తెలుగు. విశాఖకూ తిరుపతికీ ఇక్కడి నుంచి నేటికీ నేరుగా రైళ్ళున్నాయి. 2003 నుంచి ఈ పట్టణం ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. కోర్బా గనుల బొగ్గు రాత్రింబవళ్ళు ఈ పట్టాల మీదుగా పోతూనే ఉంటుంది.

బొగ్గు దుమ్ము, వేసవిలో కొలిమి వంటి ఎండ, పెండ్రా వైపు పుట్టి వచ్చి వేసవికి ఇసుక మిగిల్చే అర్పా నది: ఇదీ ఊరి వాతావరణం. దీనికి తోడు రైలు కొలువులో వేళాపాళా ఉండదు. ఆవిరి ఇంజన్ల కాలంలో అర్ధరాత్రి ‘కాల్ బాయ్’ వచ్చి తలుపు తట్టి, డ్యూటీ పుస్తకం మీద సంతకం పెట్టించుకొని పోయేవాడు. నేడు ఆ కబురు ఫోనులో వస్తున్నది. డ్యూటీలో చేరేటప్పుడు లోకో పైలట్ ఒక యంత్రంలోకి ఊదాలి. మద్యం వాసన ఉన్నదో లేదో అది చెబుతుంది. మనిషి శ్వాస మీద వందల ప్రాణాలు ఆధారపడి ఉన్నాయని అంత సూటిగా గుర్తుచేసే ఉద్యోగం మరొకటి అరుదు.

నిద్ర తెగిన రాత్రులు, పెరిగే రక్తపోటు, ఊరకే వచ్చే చిరాకు: వంతు డ్యూటీలు చేసేవారికి ఇవి కొత్త కావు. అందుకే ఎవరైనా వచ్చి, రోజుకు పావుగంట ముక్కు పట్టుకుంటే అన్నీ పోతాయంటే, ఆ మాట వినాలనిపిస్తుంది. ఆ మాటలో ఎంత నిజమో తెలుసుకోవడం కూడా అంతే అవసరం.

ముక్కులోని వంతులు

సంధ్యావందనం చేసే ఇళ్ళలో ముక్కు పట్టుకోవడం తరతరాల అలవాటు. ఆ అలవాటుకు శరీరంలోనే ఒక ఆధారం ఉన్నది. మన రెండు ముక్కుపుటలూ ఎల్లవేళలా సమానంగా పనిచేయవు. కొన్ని గంటలు కుడి పుట ఎక్కువగా తెరచి ఉంటుంది, ఎడమది కొంత బిగుస్తుంది. తరువాత వంతు మారుతుంది. ముక్కు లోపలి గోడల మీద రక్తంతో ఉబ్బే మెత్తని మడతలు ఉన్నాయి. ఒక పక్కవి ఉబ్బినప్పుడు రెండవ పక్కవి తగ్గుతాయి. జర్మన్ వైద్యుడు రిచర్డ్ కైజర్ దీనిని 1895లో శాస్త్రీయంగా వర్ణించాడు. మన స్వరశాస్త్రకారులు అంతకు ఎన్నో తరాల ముందే దీనిని గమనించి, ఎడమ శ్వాసకు చంద్రస్వరమనీ, కుడి శ్వాసకు సూర్యస్వరమనీ పేర్లు పెట్టారు.

ఎవరైనా పరీక్షించి చూడవచ్చు. చల్లని స్టీలు పళ్ళెం ముక్కు కింద పెట్టి ఊపిరి విడిస్తే రెండు ఆవిరి మచ్చలు పడతాయి. తరచుగా వాటిలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రైలువారికి ఇది సులభంగా బోధపడే విషయం. ఒంటి లైను మీద అప్ బండి పోతుంటే డౌన్ బండి లూప్ లైనులో ఆగుతుంది. తరువాత దాని వంతు వస్తుంది. ముక్కులో ఏ దారీ పూర్తిగా మూతపడదు, అంతే తేడా.

పడుకునే తీరును బట్టి కూడా ఈ వంతు మారుతుంది. ఎడమ పక్కకు ఒత్తిగిలితే కింది పుట బిగుసుకొని, పైనున్న కుడి పుట తెరచుకుంటుంది. భోజనం తరువాత వామకుక్షిగా పడుకోమన్న పెద్దలు, జీర్ణానికి సూర్యస్వరం మంచిదని నమ్మినవారే. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, ఒత్తిగిలితే పుట మారడం మాత్రం ఎవరూ కాదనలేని నిజం.

చేసే విధానం

15వ శతాబ్దపు ‘హఠయోగ ప్రదీపిక’లో స్వాత్మారాముడు ఈ అభ్యాసాన్ని రెండవ అధ్యాయంలో వివరించాడు. ఎడమతో పీల్చి, లోపల నిలిపి, కుడితో విడవాలి. మళ్ళీ కుడితోనే పీల్చి, నిలిపి, ఎడమతో విడవాలి. విడిచిన పుటతోనే తిరిగి పీల్చడం ఇందులోని కీలకం. పీల్చడం పూరకం, నిలపడం కుంభకం, విడవడం రేచకం. కొత్తగా ప్రారంభించేవారు కుంభకాన్ని పూర్తిగా వదలివేయడమే క్షేమం. కుంభకం లేని ఈ సులభ రూపాన్నే చాలామంది గురువులు అనులోమ విలోమం పేరుతో నేర్పుతారు.

చాప మీద గాని, కుర్చీలో గాని వెన్ను నిటారుగా ఉంచి కూర్చోవాలి. ఎడమ చేయి మోకాలి మీద విశ్రాంతిగా ఉంచాలి. కుడి చేతి చూపుడు వేలు, మధ్య వేలు అరచేతిలోకి మడవాలి. బొటనవేలు కుడి పుటకు, ఉంగరపు వేలు, చిటికెన వేలు ఎడమ పుటకు. ముక్కును నొక్కి పట్టనక్కరలేదు, ఆనిస్తే చాలు.

ముందుగా రెండు పుటలతోనూ ఊపిరి విడవాలి. బొటనవేలితో కుడి పుట మూసి, మనసులో నాలుగు లెక్కించేవరకు ఎడమతో పీల్చాలి. ఎడమ మూసి, కుడి తెరచి, ఆరు లెక్కించేవరకు విడవాలి. తిరిగి నాలుగు లెక్కతో కుడినుంచే పీల్చి, ఆరు లెక్కతో ఎడమతో విడవాలి. ఇది ఒక ఆవృత్తి. లెక్క క్షణానికి ఒకటిగా సాగితే ఒక్కొక్క ఆవృత్తికి ఇరవై సెకనులు పడుతుంది. పదిహేను ఆవృత్తులకు అయిదు నిమిషాలు. పక్కన కూర్చున్నవారికి మీ ఊపిరి చప్పుడు వినిపించకూడదు. ఊపిరి చాలక మధ్యలో నోరు తెరవవలసి వస్తే, లెక్క మీకు ఎక్కువైనదని అర్థం. మూడుకూ నాలుగుకూ తగ్గించుకోండి.

కడుపు ఖాళీగా ఉన్నప్పుడే చేయాలి. అగరుబత్తి పొగ నిండిన పూజగది కంటే కిటికీ తెరచిన గది మేలు. బొగ్గు దుమ్ము రేగుతున్న వేళ ఆరుబయట కూర్చోరాదు. జలుబు చేసి ముక్కు మూసుకుపోయిన రోజున మానివేయండి. ఒక పుట ఏ వేళ చూసినా మూసుకునే ఉంటే అది స్వరదోషం కాదు. ముక్కులో దూలం వంకరపోయి ఉండవచ్చు, కండ పెరిగి ఉండవచ్చు. చెవి, ముక్కు, గొంతు వైద్యుడికి చూపించుకోవాలి.

లోపల జరిగేది ఏమిటి?

ఇక్కడ ‘నాడి’ అన్న మాట దగ్గర కొంత ఆగాలి. ఇంగ్లీషు అనువాదాలు చాలా వాటిలో నాడిని నరంగా మార్చారు. దానితో ఇడ, పింగళ, సుషుమ్న అనేవి శవపరీక్షలో కనిపించే నరాలేమోనన్న భ్రమ కలిగింది. యోగగ్రంథాల నాడి ప్రాణం ప్రవహించే దారి. అది సాధకుడి అనుభవంలోని పటం, శరీర నిర్మాణశాస్త్ర పటం కాదు. తెలుగువారికి నాడి అంటే మరొక అర్థం కూడా ఉన్నది. వైద్యుడు మణికట్టు దగ్గర పట్టి చూసేదీ నాడే. చిత్రమేమంటే, ఈ అభ్యాసం ఫలితం తొలుత తెలిసేది ఆ నాడిలోనే.

మణికట్టు మీద వేళ్ళు పెట్టి నెమ్మదిగా ఊపిరి తీసి చూడండి. పీల్చేటప్పుడు నాడి కొద్దిగా వేగమవుతుంది, విడిచేటప్పుడు నిదానిస్తుంది. గుండెను నిదానింపజేసే వేగస్ అనే నరం నిశ్వాసంలో ఎక్కువగా పనిచేయడమే దీనికి కారణం. నిశ్వాసాన్ని పొడిగిస్తే ఆ నిదానం కూడా పొడుగవుతుంది. రేచకం మెల్లగా జరగాలని స్వాత్మారాముడు ప్రత్యేకంగా హెచ్చరించడం ఊరకే కాదు.

మన పూర్వులు మనిషి శ్వాసలను రోజుకు 21,600గా లెక్కించారు. దానిని 1,440 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి సరిగ్గా 15. విశ్రాంతిగా ఉన్న మనిషి నిమిషానికి 12 నుంచి 18 సార్లు శ్వాసిస్తాడని నేటి శరీరశాస్త్రం చెబుతున్నది. పైన చెప్పిన నాలుగు, ఆరు లెక్కతో అది ఆరుకు దిగుతుంది. ఇటలీలో లూసియానో బెర్నార్డి బృందం 2001లో ప్రకటించిన ప్రయోగం ఈ ఆరు సంఖ్యను ప్రసిద్ధం చేసింది. క్రైస్తవుల జపమాల ప్రార్థన లాటిన్‌లో చదివించినా, బౌద్ధుల మంత్రం జపింపజేసినా, శ్వాస నిమిషానికి సుమారు ఆరుకు చేరింది. ఆ వేగంలో రక్తపోటును సరిచూసే శరీరపు సహజ యంత్రాంగం మరింత చురుకుగా స్పందించింది. భాషలు వేరు, దైవాలు వేరు; ఊపిరి మాత్రం ఒక్కటే.

ముక్కుతో శ్వాసించడంలోనే వేరొక లాభమున్నది. ముక్కు గాలిని వడకడుతుంది, వెచ్చబెడుతుంది, తడి చేస్తుంది. ముక్కు పక్కనున్న ఎముక గదులలో నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు పుడుతుందని స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా శాస్త్రజ్ఞులు 1995లో చూపించారు. అది శ్వాసతో లోపలికి పోయి ఊపిరితిత్తుల రక్తనాళాలను విప్పారజేస్తుంది. నోటితో పీల్చేవారికి ఆ వరుమానం లేదు.

పాతిక రూపాయల మాటలు

ఇంతవరకు చెప్పినవి రెండు రూపాయల నిజాలు. వీటిని పాతిక రూపాయలుగా చెలామణి చేసేవారు మనకు తక్కువ లేరు.

ప్రాణాయామం వల్ల ఒంటికి ఎంతో ఎక్కువ ప్రాణవాయువు అందుతుందన్నది వాటిలో మొదటిది. ఆరోగ్యవంతుడి ధమనులలోని రక్తం మామూలుగానే దాదాపు నిండుగా ప్రాణవాయువును మోస్తూ ఉంటుంది; నిండిన కుండలో మరి పోయడానికి చోటెక్కడ? 1924లో లోనావలాలో కైవల్యధామను స్థాపించిన స్వామి కువలయానంద, యోగం మీద అపార విశ్వాసం ఉన్నవాడు. అయినా ప్రయోగశాలలో కొలిచి చూసి, ప్రాణాయామం విలువ ప్రాణవాయువును ఎక్కువగా పీల్చుకోవడంలో లేదని ఆయనే స్పష్టంగా రాశాడు. విశ్వాసం ఉన్నవాడు కొలవడానికి వెనుదీయకపోవడమే ఆయన గొప్పతనం.

ఎడమ పుట చలువ, కుడి పుట వేడి అన్నది రెండవది. ఇందులో కొంత పరిశోధన జరిగింది. బెంగుళూరులో శర్లీ టెల్లెస్ బృందం 1994లో ప్రకటించిన ప్రయోగంలో, నెల రోజులపాటు కుడి పుటతో మాత్రమే శ్వాస అభ్యసించినవారి ప్రాణవాయు వినియోగం 37 శాతం పెరిగింది. అయితే ఎడమ పుటతో అభ్యసించినవారిలోనూ అది తగ్గలేదు, కొంత పెరిగింది. చలువ, వేడి అన్నంత సూటి లెక్కకు ఇది లొంగలేదు. కుడి పుట ఎడమ మెదడును నడుపుతుందనే ప్రచారానికీ గట్టి పునాది పడలేదు.

మూడవది ప్రమాదకరమైనది: ఇది చేస్తే మాత్రలు మానవచ్చునన్నది. నెమ్మది శ్వాస రక్తపోటును కొద్దిగా తగ్గించినట్లు చిన్న అధ్యయనాలు కొన్ని చూపాయి. ఆ కొద్దిపాటిని మాత్రలకు తోడుగా స్వీకరించాలే గాని బదులుగా కాదు. రక్తపోటుకు నొప్పి ఉండదు. మాత్ర మానిన మనిషి హాయిగానే ఉన్నానని అనుకుంటూ ఉంటాడు. ఒకనాడు పక్షవాతం వచ్చి ఆ హాయిని కూల్చివేస్తుంది. ఉబ్బసం, మధుమేహం, క్షయ విషయంలోనూ ఇదే నియమం. పెండ్రా కొండ గాలి చేయలేనిది మందు చేసిందన్న పాఠాన్ని మరచిపోరాదు.

స్వాత్మారాముడే ఈ మాట మనకంటే కఠినంగా చెప్పాడు. సింహాన్నీ, ఏనుగునూ, పులినీ మచ్చిక చేసుకున్నట్లు శ్వాసను కొంచెం కొంచెంగా వశపరచుకోవాలనీ, తొందరపడితే అది సాధకుణ్ణే చంపుతుందనీ హెచ్చరించాడు. తగిన రీతిలో చేస్తే రోగాలను పోగొట్టేదే, తగని రీతిలో చేస్తే ఎక్కిళ్ళు, ఉబ్బసం, దగ్గు, తలనొప్పి తెస్తుందన్నాడు. రోజుకు నాలుగు వేళల, వేళకు ఎనభై వరకు కుంభకాలు పెంచమన్న ఆయన లెక్క, సంసారం విడిచి కుటీరంలో కూర్చున్న యోగికి. మాలు బండి దింపి వచ్చిన గృహస్థుకు కాదు. గుండెజబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారు, గర్భిణులు శ్వాసను బిగబట్టనేరాదు. తల తిరిగినా, ఛాతీ బరువెక్కినా వెంటనే ఆపి, మామూలుగా ఊపిరి తీసుకోవాలి.

డ్యూటీ మనిషికి ఏ వేళ?

ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, అర్ధరాత్రి అని గ్రంథం వేళలు నిర్ణయించింది. రైలు మనిషికి ఏది ఉదయమో ఆ వారపు డ్యూటీ చెప్పాలి. అతనికి గడియారం కంటే రెండు సందర్భాలు ముఖ్యం. ఒకటి, డ్యూటీ ముగించి ఇంటికి గాని, రన్నింగ్ రూముకు గాని వచ్చిన తరువాత, పడకకు ముందు. ఇంజన్ మోత ఇంకా చెవులలో ఉండగా, కళ్ళముందు సిగ్నళ్ళు మెదులుతుండగా నిద్ర రాదు. అప్పుడు దీర్ఘ నిశ్వాసంతో అయిదు నిమిషాలు ఒంటిని నిద్రకు సిద్ధం చేస్తాయి. రెండవది, నిద్ర లేచి డ్యూటీకి బయలుదేరే ముందు.

కాని ఒక గీత దాటరాదు. శ్వాస నిద్రకు దారి తీయగలదు. నిద్రకు బదులు కాలేదు. రెండు రాత్రులు నిద్ర లేనివాడు పది నిమిషాల ప్రాణాయామంతో కళ్ళు తెరచి కూర్చోగలడేమో, ఎర్ర దీపం కనిపించిన క్షణాన చేయి కదిలే వేగం మాత్రం తిరిగి రాదు. విశ్రాంతి కోరడం అతని హక్కు, ఇవ్వడం యాజమాన్యం బాధ్యత. ముక్కు పట్టుకోమన్న ఉపదేశం ఆ బాధ్యతకు చాటు కారాదు. నడుస్తున్న ఇంజన్‌లో, వాహనం తోలుతూ, యంత్రం దగ్గర ఈ అభ్యాసం చేయనేరాదని వేరే చెప్పనక్కరలేదు.

2015 నుంచి ఏటా జూన్ 21న యోగదినం జరుగుతున్నది. 2025లో విశాఖ సముద్రతీరాన 3 లక్షలకు పైగా జనం ఒకేసారి చాపలు పరిచారు. ఆనాటి ఉమ్మడి అభ్యాసక్రమంలో ఈ నాడీశోధనమూ ఉన్నది. అటువంటి దినం మంచిదే. అయితే అది సంవత్సరానికి ఒక్క దినం. బిలాస్‌పూర్ క్వార్టరులో, కూతకు కిటికీ అద్దాలు కదిలే గదిలో, ఎవరూ చూడని వేళ ఒంటరిగా కూర్చునే అయిదు నిమిషాలు మిగిలిన దినాలవి. ఫలం ఉంటే ఆ దినాలలోనే ఉంటుంది.

ఫలం ఎంత? కొంత నిదానించిన నాడి, కొంత తేలికగా పట్టే నిద్ర, కోపం వచ్చినప్పుడు మాట తూలకముందు దొరికే ఒక ఊపిరి వ్యవధి. చిన్నవే, కాని రోజూ దొరికేవి. రుక్మిణికి ఆ భర్త రెండు రూపాయలే ఇచ్చాడు. ఇచ్చింది రెండేనని భార్యతో చెప్పి ఉంటే అది పిసినారితనం అయ్యేది; పాతిక ఇచ్చినట్లు నమ్మనిచ్చాడు గనుక మోసమయింది. ఆ తరువాత నిజం చెప్పుకుందామన్నా వినడానికి బిను లేదు. బిలాస్‌పూర్‌కు తిరిగి వచ్చి వెదికినా రుక్మిణి దొరకలేదు. శ్వాసాభ్యాసాన్ని బోధించేవారూ, ఆచరించేవారూ ఆ స్టేషన్ కథను జ్ఞాపకం ఉంచుకోవడం మంచిది. ఉన్న రెండు రూపాయలను రెండుగానే చెప్పి చేతిలో పెడితే, రోగి మాత్రలూ మానడు, సాధనా మానడు.